బుచ్చవ్వ గోడ

పోయిన నెల ఒక పొద్దున డాక్టరమ్మ లావణ్య మా ఇంటికి వచ్చింది. భూపాలపల్లి పశువుల దవాఖానలో కొత్తగా చేరిన పిల్ల. నేను రిటైరయ్యాక ఇక్కడే, బొగ్గు బావుల క్వార్టర్లలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పశువుల పని గురించి ఏ అనుమానం వచ్చినా ఆ పిల్ల నేరుగా నా దగ్గరికే వస్తుంది. చాయ్ కూడా అడిగి మరీ పెట్టించుకుంటుంది.

"సార్, ఒక కుక్క ఉన్నది. ఒకటే గోకుడు, పొట్ట కింద తోలంతా ఎర్రగైంది. కడుపు కూడా ఆగుతలేదు. నాలుగు రకాల తిండి మార్పించిన. ఇంకేం పెట్టమంటరు?"

"నాలుగు రకాలూ ఎన్ని రోజుల్లో మార్పించినవమ్మా?"

"పది రోజులల్ల సార్."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నా మీదే. నలభై ఏళ్ళ కిందట నేనూ సరిగ్గా పది రోజుల్లో నాలుగు రకాల తిండి మార్పించాను. దాని ఫలితం కుక్క ఒక్కటే పడలేదు, ఒక మనిషి వీపు కూడా పడింది. ఆ సంగతి చెబితే లావణ్య చాయ్ చల్లారబెట్టుకుని కూర్చుంది. "ఇది రాయుండ్రి సార్, మాకు ఏ కాలేజీల చెప్పలేదు" అంది. అందుకే రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో ఎవరికీ అక్కర్లేదు కనుక అవేవీ ఇందులో ఉండవు.

జనగామలో

మాది దంతాలపల్లి. జనగామ పశువుల దవాఖానలో కంపౌండర్‌గా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. దవాఖాన అంటే పెద్దగా ఊహించుకోకండి. పెంకుల కప్పు, రెండు గదులు, ముందర ఎడ్లను కట్టేయడానికి నాలుగు గుంజలు, అంతే. రోజంతా గిట్టల పుండ్లు, గొంతువాపు, కడుపుబ్బరం, ఈత కష్టమైన బర్రెలు. కుక్కను మాత్రం ఎవరూ తెచ్చేవారు కాదు. మనిషికే మందు దొరకని కాలంలో కుక్కకు మందేంటి?

మా డాక్టర్ సాబ్ పట్నం మనిషి. ఎద్దు కాలు పట్టుకుని చూశాడంటే ఏ గిట్టలో ముల్లు ఉందో ఇట్టే చెప్పేవాడు. ఆయన నేర్పిన మాట ఒకటి ఇప్పటికీ పాటిస్తాను. "జానవర్‌కో దేఖో, మాలిక్‌కో నక్కో దేఖో" అనేవాడు. జంతువును చూడు, దాని యజమానిని చూడొద్దు అని. మాట బంగారం, కానీ ఆయనకూ ఒక లోపం ఉండేది. నేల వైపు చూడడు. జంతువు వేసిన పెంట కనబడితే షేర్వానీ అంచు ఎత్తిపట్టుకుని అటు తిరిగేవాడు. మన పనిలో సగం జబ్బు అక్కడే కనబడుతుంది. ఆ సంగతి నాకు ఆయన చెప్పలేదు. చెప్పింది ఎవరో ముందు ముందు తెలుస్తుంది.

అవి పోరాటం రోజులు. ఊళ్ళల్లో సంఘాలు లేస్తున్నాయి. వెట్టి చెయ్యమని, అంటే కూలి లేకుండా దొర పని ఇక చెయ్యమని, ఒక్కొక్క ఊరే తిరగబడుతోంది. ఒకవైపు రజాకార్లు, ఒకవైపు పోలీసులు. నాలాంటి సర్కారు నౌకరు ఎవరి కంట్లోనూ పడకుండా తలవంచుకుని తిరగాల్సి వచ్చేది. నేను అందులో బాగా ఆరితేరాను.

గడి కుక్క

జనగామకు ఏడు మైళ్ళ దూరంలో ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊరి దొర గడి నుంచి, అంటే కోటలాంటి ఆయన ఇంటి నుంచి, మా దవాఖానకు బండి వచ్చింది. డాక్టర్ సాబ్, నేను వెళ్ళాం.

కుక్క పేరు బహదూర్. పట్నం నుంచి తెప్పించిన సీమ జాతి. నిలబడితే నా నడుము దాకా వచ్చేది. ఊళ్ళో దాని పేరు చెబితే పిల్లలు ఏడుపు మానేవారు. వెట్టికి రాలేదని దొర దాన్ని మనుషుల మీదికి ఉసిగొల్పేవాడు మరి. అటువంటి కుక్క ఇప్పుడు చెవుల వెనుక, చంకల కింద బొచ్చూడి, రసి కారుతూ, తనను తాను కొరుక్కుంటూ పడి ఉంది. కొట్టమంతా పుల్లటి కంపు.

దాన్ని చూసుకునే వెట్టి మనిషి యాకయ్య. ముప్పై ఏళ్ళుంటాయి. మా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దొర తమలపాకుకు సున్నం రాసుకుంటూ, అరవకుండా, మెల్లగా చెప్పాడు.

"డాక్టర్ సాబ్, నెల రోజులకు పట్నం నుంచి పెద్ద హాకిం మా అడివికి షికారుకొస్తున్నడు. గా దినానికి కుక్క తోలు బాగు గావాలె. కాకుంటే వీని తోలు తీస్త."

హాకిం అంటే సర్కారులో పెద్ద అధికారి. యాకయ్య తలెత్తలేదు. ఆ మాట దొర ఊరికే అనడని అక్కడున్న అందరికీ తెలుసు. అంతకుముందు ఈ కుక్కను చూసిన మనిషి కాలు విరిగి ఊరొదిలి పోయాడట.

డాక్టర్ సాబ్ గంధకం మలాము, కానుగ నూనె రాసిచ్చాడు. "తిండి సంగతి నువ్వు చూసుకో" అని నాకు అప్పజెప్పి మళ్ళీ ఆ ఊరికి రాలేదు.

నా తెలివి

ఇక నా తెలివి చూడండి. చర్మం పాడైంది కాబట్టి బలం తక్కువైందనుకున్నాను. మొదట రోజుకు రెండు గుడ్లు పెట్టించాను. మూడో రోజుకు తగ్గలేదని అన్నంలో నెయ్యి కలిపించాను. అదీ లాభం లేదని కార్జం, అంటే మేక కాలేయం, పెట్టించాను. కడుపు మరీ జారుతుంటే తేలికగా ఉంటుందని చివరికి గోధుమ జావ కాయించాను. మా దవాఖాన ఉర్దూ పుస్తకంలో రోగి పశువుకు గోధుమ జావ మంచిదని ఉంది. పుస్తకం ఎడ్ల గురించి చెప్పింది, నేను కుక్కకు అంటగట్టాను.

అలా పది రోజులు గడిచాయి. వెళ్ళిన ప్రతిసారీ కుక్క కళ్ళు చూశాను, నాలుక చూశాను, చర్మం గీకి చూశాను. యాకయ్యను ఎన్నో అడిగాను. కుక్క గిన్నెలోకి ఇంకెవరి చెయ్యి వెళుతోందో మాత్రం అడగలేదు. ఒకవేళ అడిగినా చెప్పేవాడు కాదేమో.

పదో రోజు వెళ్ళేసరికి కొట్టం దగ్గర యాకయ్య లేడు. గడి వెనక గుడిసెలో ఉన్నాడన్నారు. వెళ్ళాను. తలుపు దగ్గర వంగి లోపలికి చూస్తే బోర్లా పడుకుని ఉన్నాడు. వీపు నిండా వాతలు. భార్య బుచ్చవ్వ పసుపు, నూనె కలిపి రాస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"ఏమైందక్కా?"

"ఏముంటదయ్యా. పొద్దుగాల్ల కుక్క పల్చగ పోయింది. దొర చూసిండు. నాకు నిన్ననే ఎరుక, ఇయ్యాల దెబ్బలు పడ్తయని."

"నిన్ననే ఎట్ల ఎరుక?"

ఆమె తల తిప్పి గోడ వైపు చూసింది. నేనూ చూశాను.

గోడ



మట్టి గోడ. దాని మీద వరుసగా, బొటనవేలంత పేడ ముద్దలు అతికించి ఉన్నాయి. ఒక్కొక్క ముద్దలో ఏదో గుచ్చి ఉంది. ఒకదాంట్లో గుడ్డు పెంకు ముక్క, ఒకదాంట్లో గోధుమ గింజ, ఒకదాంట్లో జొన్న గింజ, ఇంకోదాంట్లో ఎముక పెళ్ళ. కొన్నింట్లో చిన్న దూది పింజ. ప్రతి ముద్దకూ పైన ఒక చుక్క, కింద ఒక చుక్క. కొన్ని తెల్ల చుక్కలు, సున్నంతో పెట్టినవి. కొన్ని ఎర్ర చుక్కలు, జాజుతో పెట్టినవి. పండగకు గోడలకు పూసే అదే ఎర్రమన్ను.

"ఇది ఏందక్కా?" అన్నాను.

"కుక్క తిన్నది అయ్యా. ఒక్కొక్క పొద్దుకు ఒక్క ముద్ద. ఏం తిన్నదో అది గుచ్చిన. దూది అంటే పాలు, పాలను గోడకు అంటిచ్చరాదు గద. కింది చుక్క కడుపు. పై చుక్క గోకుడు. తెలుపు మంచిది, ఎరుపు చెడ్డది."

కుక్క కొట్టం ఊడ్చేది ఆమే. గిన్నె తోమేది ఆమే. గడిలో గోధుమలు విసిరేది కూడా ఆమే. కుక్క నోట్లోకి పోయేదీ, బయటికి వచ్చేదీ ఊళ్ళో ఆమె ఒక్కతే పూర్తిగా చూసేది. అక్షరం ముక్క రాదు. మూడు నెలల పొడుగునా ఒక్క రోజు వదలకుండా గోడ మీద రాసుకుంది.

"ఎందుకు మొదలుపెట్టినవు?"

"ఈయనకు దెబ్బలు పడుడు మొదలైనంక పెట్టిన. రేపు కుక్క ఎట్లుంటదో ముందుగాల ఎరుకైతే, ఈయనను జర పొద్దుగాల్నే అడివికి కట్టెలకు తోలుదునని."

నేను గోడకు దగ్గరగా వెళ్ళాను. ఆమె వేలు పెట్టి చూపించింది.

"గిగో, గోధుమ పడ్డది. మూడొద్దులకు పై చుక్క ఎర్రగయ్యింది. మల్ల గోధుమ, మల్ల మూడొద్దులకు ఎరుపు. పాలు పడ్డదా, తెల్లారే కింది చుక్క ఎరుపు. ఈ రెండు ఒక్క రోగం గాదయ్యా. అలగ్ అలగ్."

"మరి ఈ తెల్లవి?"

"దొరసాని పుట్టింటికి పోయిన పదొద్దులు. ఆమె ఒకనాడు ఉత్త పాలు పోస్తది, ఒకనాడు ఉత్త రొట్టె ఏస్తది, ఒకనాడు పాలల్ల రొట్టె పిసికి తన చేతితోని ముద్దలు పెడ్తది. ఆమె లేని పదొద్దులు ఈయన జొన్న గటకల మేక మాంసం ఉడికిచ్చి పెట్టిండు. సూడు, ఎంత తెల్లగున్నయో."

నిజమే. ఎర్ర చుక్కల నడుమ ఆ తెల్ల చుక్కలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఆ తర్వాత నేను వచ్చిన పది రోజులు వెతికాను. గుడ్డు పెంకు, నెయ్యి మరక, కార్జం ముక్క, గోధుమ గింజలు. వాటి పక్కన ప్రతిరోజూ దూది పింజ, దొరసాని ముద్ద. గోధుమ జావ దగ్గర ఎరుపు మీద ఎరుపు. నా మూర్ఖత్వం అంతా ఒక పూరి గుడిసె గోడ మీద ఎండి అతుక్కుని ఉంది.

నేను చదువుకున్నవాణ్ణి. నా జేబులో సర్కారు కాగితం ఉంది. ఆ గోడ ముందు నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు. ఒక మనిషి కళ్ళు పెట్టి చూస్తే ఇంత దూరం చూడగలదా అన్న ఆశ్చర్యంతో.

"ఇన్నొద్దులు ఎందుకు చెప్పలేదక్కా?"

"ఎవలకు చెప్పాలె? దొరసాని చేతి ముద్ద మంచిది గాదంటే నా నాలిక ఉంటదా?" అని, నా ముఖం చూస్తూ అంది. "నువ్వు నాలుగుసార్లు వచ్చినవయ్యా. కుక్కను చూసినవు. గిన్నెను చూడలే."

నా నౌకరీ మొత్తంలో నన్ను ఇంత సూటిగా తిట్టిన అధికారి ఇంకొకరు లేరు.

ఇరవై రోజులు

మిగిలింది ఇరవై రోజులు. దొరసాని ముద్ద ఆపాలి. నిజం చెప్పే ధైర్యం నాకు లేదు, అబద్ధం ఆడే తెలివి మాత్రం ఉంది. దవాఖాన కాగితం మీద ఉర్దూలో పెద్ద అక్షరాలతో 'గిజా-ఎ-ఖాస్' అని రాసి దొర ముందు పెట్టాను. ప్రత్యేకమైన తిండి అని అర్థం, అంతకు మించి అందులో ఏమీ లేదు.

"దొరా, ఇది పట్నం మందు కలిపిన తిండి. ఇరవై రోజులు యాకయ్య గుడిసెలోనే వండాలె. వేరే ఏ తిండి తగిలినా మందు విషమైతది. దొరసానమ్మ చేతులకు దీని వాసన తగలకూడదు."

దొర కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. పేరు నచ్చింది. "మంచిది" అన్నాడు. ఆ ఇరవై రోజులూ బహదూర్ తిన్నది జొన్నరవ్వ ముద్దగా ఉడికించిన గటక, అందులో ఉప్పూ నూనే లేకుండా ఉడికించిన మేక మాంసం. గడి నుంచి రోజూ మాంసం వచ్చేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి కుండ ఉడుకుతోంది. ఆ గుడిసెలో మాంసం వాసన పండగకు తప్ప ఉండదు.

"ఒక్క ముక్కన్న తిన్నవా అక్కా?"

"తింటే కుక్కకు కమ్మి అయితది. కమ్మి అయితే గోడ అబద్ధం చెప్తది."

ఇంతే అంది. పైగా ఇందులో గొప్పేముంది అన్నట్టు నా వైపు చూసింది.

ఎనిమిదో రోజుకు పెంట గట్టిపడింది. గోకుడు సగం తగ్గింది. యాకయ్య ముఖంలో మొదటిసారి పళ్ళు కనబడ్డాయి. పన్నెండో రోజు నేను వెళ్ళేసరికి బుచ్చవ్వ గోడ ముందు నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. పై చుక్క ఎర్రగా ఉంది.

"ఎవలో రొట్టె ఏసిండ్రు" అంది.

"నిన్నా?"

"నిన్న గాదు. మూడొద్దుల కింద."

యాకయ్య ప్రమాణం చేసి ఎవరూ వేయలేదన్నాడు. తర్వాత నెత్తి కొట్టుకున్నాడు. "అవునే, శుక్రారం దొరసాని పూజ చేసుకుని పళ్ళెం పట్టుకుని కొట్టం దిక్కొచ్చింది. నేను నీళ్ళకు పోయిన" అన్నాడు. వేళ్ళు మడిచి చూసుకుంటే సరిగ్గా మూడు రోజులు. చూడని దొంగతనాన్ని ఆ మనిషి రోజుతో సహా పట్టేసింది.

దొరసానిని తప్పు పట్టను. ఆమెకు ఆ గడిలో ప్రేమగా ముద్ద పెట్టడానికి ఆ కుక్క తప్ప ఇంకెవరూ లేరేమో. కానీ కుక్క జబ్బుల్లో సగం ఇట్లాంటి ప్రేమల వల్లే వస్తాయి. విరుగుడు కూడా బుచ్చవ్వే కనిపెట్టింది. వేపాకు నూరి, ఆవు పంచితం కలిపి, కొట్టం గుమ్మానికీ యాకయ్య చేతులకూ దట్టంగా పూసింది. "గిదే పట్నం మందు వాసన" అని చెప్పమంది. ఆ కంపుకు దొరసాని మళ్ళీ అటు రాలేదు.

ఇరవయ్యో రోజుకు పాత పుండ్లు మాని, కొత్త బొచ్చు నూగుగా మొలిచింది. హాకిం వచ్చాడు. బహదూర్ అడవిలో గుర్రాల పక్కన పరుగెత్తింది. యాకయ్య వీపు మీద కొత్త వాత పడలేదు. సాయంత్రం గడి ముందర హాకిం కుక్క వెన్ను నిమిరి, "దీన్ని ఎవరు బాగు చేసిండ్రు?" అని అడిగాడు.

గొలుసు పట్టుకుని యాకయ్య నా వెనకే ఉన్నాడు. గోడ చాటున బుచ్చవ్వ ఉంది. నేను వంగి సలాం చేశాను.

"నేనే హుజూర్" అన్నాను.

దొర నా భుజాన ఉన్ని శాలువా కప్పాడు.

మీకు పనికొచ్చే ముక్క

తర్వాత నన్ను మానుకోటకు మార్చారు. అదే ఇప్పటి మహబూబాబాద్. బయ్యారం వైపు ఒక తండాలో వేటకుక్కకు ఇదే బాధ. ఆ ఇంటావిడకు తండా మాట తప్ప తెలుగు రాదు, నాకు ఆమె మాట రాదు. పేడ ముద్ద, గింజ, సున్నం, జాజు తీసుకుని ఆమె గోడ మీద రెండు రోజులవి పెట్టి చూపించాను. అర్థం చేసుకోవడానికి ఆమెకు ఒక్క నిమిషం పట్టలేదు. నెల తర్వాత వెళ్తే గోడ నిండా చుక్కలు. ఆ కుక్కకు గుడ్డు పడదని గోడే చెప్పింది.

కాబట్టి లావణ్యా, పడని తిండి కుక్క కుక్కకూ మారుతుంది. బహదూర్‌కు గోధుమ, తండా కుక్కకు గుడ్డు. గటక అన్నిటికీ మందు అని రాసుకోవద్దు. ఒక ధాన్యం, ఒక మాంసం పట్టుకో, అది ఇదివరకు ఎక్కువ తిననివి అయితే మేలు. అవి తప్ప నెలన్నర ఇంకేమీ వద్దు. తర్వాత ఒక్కొక్కటే కలిపి, వారం ఆగి చూడు. కడుపు తెల్లారే చెప్తుంది, తోలు నిదానంగా చెప్తుంది. పది రోజుల్లో నాలుగు మారిస్తే ఏది చెడగొట్టిందో దేవుడికి కూడా తెలియదు. ఇంట్లో ఎవరెవరు ఏం పెడుతున్నారో తిట్టకుండా అడుగు. నువ్వు చెప్పిన ఆ కుక్క ఇంటికి నిన్న నేనూ వెళ్ళాను. ముసలవ్వ రోజూ చాయ్‌లో రొట్టె ముంచి దాని నోట్లో పెడుతోంది. ఆ సంగతి నీకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నువ్వూ గిన్నె చూడలేదు.

ఎవరు బతికించారు

నేను మానుకోటకు పోకముందు జరిగింది చెప్పి ముగిస్తాను. ఇది చెప్పకపోతే పైన రాసిందంతా అబద్ధమవుతుంది.

షికారు అయిన కొద్ది నెలలకే ఆ ఊళ్ళో సంఘం గట్టిపడింది. వెట్టి ఆగిపోయింది. ఒక పొద్దున దొర కుటుంబంతో సహా బండ్లు కట్టుకుని పట్నం వెళ్ళిపోయాడు. కుక్కను గొలుసుతో సహా వదిలేశాడు. నేను ఆ రోజు పక్క ఊళ్ళో ఎడ్లకు సూదులు వేసి వస్తున్నాను. గడి ముందు జనం. ఆగాను.

నడుమ బహదూర్. చుట్టూ కర్రలు. ముందు నిలబడింది సంఘం పెద్ద నర్సయ్య. అతని ఎడమ చేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా పళ్ళ గాట్లు. దొర ఉసిగొల్పినప్పటివి. అటువంటి గాట్లు ఆ గుంపులో ఇంకా చాలామందికి ఉన్నాయి.

"గీ కుక్క పోయిన ఏడే సచ్చేదుండె" అన్నాడు నర్సయ్య. "సావకుండ ఎవడో బతికిచ్చిండు. దొర కుక్కకు మందు పోసినోడు దొర మనిషే. ఎవడాడు?"

శాలువా సంగతి ఊరందరికీ తెలుసు. ఒక్కొక్క తల నా వైపు తిరుగుతోంది. 'నేనే' అన్న మాట ఈ గడి ముందరే ఒకసారి ఎంత తేలిగ్గా అన్నాను! ఇప్పుడు అనలేకపోయాను. నేల చూశాను.

"నేనే" అంది ఒక గొంతు.

బుచ్చవ్వ. జనాన్ని తోసుకుని వచ్చి కుక్క పక్కన నిలబడింది.

"కంపౌండర్ సారు ఉత్త కాయితం రాసిండు. వండి పెట్టి బతికిచ్చింది నేను. కొడ్తే నన్ను కొట్టుండ్రి."

యాకయ్య పరుగున వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. నర్సయ్య తన చెయ్యి ముందుకు చాచాడు. "గిది చూసినవా బుచ్చక్కా?"

"చూసిన నర్సన్నా. ఆ దినం దానికి పసుపు పెట్టి కట్టింది ఎవరు? నేను గాదా? గప్పుడు నీకు కట్టిన చేతులే దీనికి పెట్టినయి. ఇది సస్తే ఈయన తోలు తీస్తనన్నడు దొర. నేనేం చెయ్యాలె?"

ఆమె కుక్క మెడలో గొలుసు విప్పి కింద పడేసింది. బహదూర్ ఎవరి మీదికీ పోలేదు. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఇంకొక్క మాట ఇనుండ్రి" అంది బుచ్చవ్వ. "ఇది పాలు తాగితే కడుపు పోతది. గోధుమ రొట్టె తింటే తోలు పోతది. మనం తినే గటక తింటె బతుకుతది. మూడు నెల్లు చూసిన, గోడ మీదున్నది, వచ్చి చూసుకోండ్రి. ఇగ చెప్పు నర్సన్నా, గిది దొర కుక్క ఎట్లయితది?"

వెనక నుంచి ఒక ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు పాకింది. నర్సయ్య కూడా నవ్వాపుకోలేక కర్ర కింద పడేశాడు. "తీసుకపో అక్కా, నీ గటక కుక్కను" అన్నాడు.

జనం వెళ్ళిపోయాక నేను వాళ్ళ గుడిసెకు వెళ్ళాను. నా మందుల పెట్టెలో అడుగున మడతపెట్టి ఉన్న శాలువా తీసి ఆమె ముందు పెట్టాను.

"అక్కా, ఇది నీది. ఇనాం దొరికిననాడు 'నేనే' అన్నాను. ఇయ్యాల నోరు పెగల్లేదు."

అంతకుముందు ఎప్పుడూ ఆమె నన్ను అయ్యా అనే పిలిచింది. ఆ రోజు మొదటిసారి వేరేలా పిలిచింది.

"నౌకరోనివి, భయముంటది తమ్మీ. మనసుల పెట్టుకోకు" అంది. శాలువా అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. పక్కన పడుకున్న కుక్కను చూసింది. మళ్ళీ మడతపెట్టి నా చేతిలోనే పెట్టేసింది.

"ఉన్నిది తమ్మీ. దీనికి దురద పెడ్తది. తీస్కపో."

ఆ శాలువా ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. ఒక్క చలికాలం కూడా కప్పుకోలేకపోయాను.